లండన్‌లో తలుపు తీశారు, పక్క జిల్లాలో తాళం

తిరుమల, కడప కొండల్లో పెరిగే పేరీత చెట్టుకు సైకస్ బెడ్డోమీ అన్న శాస్త్రీయ నామం 1883లో వచ్చింది. పేరు పెట్టినవాడు డయర్. పేరులో ఉన్నది దాన్ని సేకరించిన బెడ్డోమ్. ఇద్దరూ ఆంగ్లేయులే. చెట్టు మనది, పేరు వాళ్లది. మన కొండల మొక్కల్లో చాలావాటి కథ ఇంతే.

కొత్త మొక్కకు పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన ఎండు నమూనాను 'టైప్' అంటారు. పేరు మీద తగాదా వస్తే తీర్పు దానిదే. తెలుగు నేల మీద 18, 19 శతాబ్దాల్లో సేకరించిన టైప్‌లలో ఎక్కువ భాగం ఓడలెక్కి వెళ్లిపోయాయి. ఒక్క నల్లమల కొమ్మను సరిపోల్చుకోవడానికి లండన్ దాకా పోవాల్సి వచ్చేది, లేదా ఉత్తరం రాసి నెలలు ఎదురు చూడాల్సి వచ్చేది.

ఆ బాధ ఇప్పుడు చాలా తగ్గింది. లండన్ క్యూ ఉద్యానవనంలోని సుమారు 70 లక్షల షీట్లలో (ఎండు మొక్కను అతికించిన కాగితాల్లో) పెద్ద భాగం బొమ్మలుగా ఆన్‌లైన్‌లోకి వచ్చింది. మన బొటానికల్ సర్వే కూడా 2022 జులైలో వర్చువల్ హెర్బేరియం తెరిచింది. హెర్బేరియం అంటే ఇలాంటి షీట్లను బీరువాల్లో దాచే చోటు; ఇది దాని ఆన్‌లైన్ రూపం. మొదలుపెట్టిన నాటికి అందులో లక్ష దాకా షీట్లు. హౌరాలోని కేంద్ర హెర్బేరియంలో ఉన్నవే దాదాపు 20 లక్షలు కాబట్టి దారి ఇంకా చాలా ఉంది. అయినా దారంటూ పడింది.

నా ఫిర్యాదు దూరపు బీరువాల మీద కాదు. వరంగల్‌లో కూర్చున్న పరిశోధక విద్యార్థి రెండు వందల ఏళ్ల నాటి ఐరోపా షీటును ఫోన్‌లో పెద్దది చేసి ఆకు అంచు చూడగలడు. పక్క జిల్లా కాలేజీలో 1980లలో ఎవరో మాస్టారు కొండలెక్కి తెచ్చిన షీటును మాత్రం చూడలేడు. ముందు శాఖాధిపతికి ఉత్తరం, తర్వాత తాళంచెవి ఉన్నాయన కోసం వెతుకులాట. బీరువా తెరిస్తే నాఫ్తలీన్ వాసన, పురుగు కొట్టిన ఆకులు. తెచ్చిన మాస్టారు రిటైరయ్యాక ఆ గదికి దిక్కుండదు. సేకరణను చూసుకునే క్యూరేటర్ పోస్టు ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ చిన్న బీరువాల విలువ తెలంగాణకు మరీ ఎక్కువ. 1915 నుంచి 1936 దాకా వెలువడిన గ్యాంబుల్, ఫిషర్‌ల వృక్షజాల గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీకి సంబంధించినది. కోస్తా, రాయలసీమ అందులోకి వచ్చాయి. నిజాం రాజ్యం హద్దు బయటే ఉండిపోయింది. మొక్కకు హద్దు తెలియదు, సర్వే చేసేవాడికి తెలుసు. ఆ ఖాళీని తర్వాత పూడ్చినవి ఎక్కువగా మన విశ్వవిద్యాలయాల సేకరణలే.

ఒకే చోట ఉంచితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 1781 నుంచి సామర్లకోటలో మొక్కలు పోగేసిన స్కాటిష్ వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ నమూనాలు, పుస్తకాలు 1787 ఉప్పెనలో పోయాయి. 1943లో బాంబు దాడిలో బెర్లిన్ హెర్బేరియం తగలబడితే, ఇతర దేశాలకు పంపిన జోడు నమూనాల వల్లే కొన్ని పేర్లకు ఆధారం మిగిలింది. ఒకే మొక్క నుంచి నాలుగైదు కొమ్మలు కోసి, ఒకే నంబరు వేసి, నాలుగు చోట్లకు పంచడం పాత అలవాటు. సహకారం అన్న మాటకు నాకు తెలిసిన మంచి అర్థం అదే. అవగాహన ఒప్పందాల మీద సంతకాలు, శాలువాలు ఆ తర్వాత.

విదేశీయులతో పని అయితే చట్టం అడ్డం వస్తుందని చాలామంది వెనకాడతారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం విదేశీ పరిశోధకులకు చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి చేసింది, నిజమే. కానీ కేంద్రం ఆమోదించిన, మార్గదర్శకాలకు లోబడిన సంస్థల ఉమ్మడి ప్రాజెక్టులకు అదే చట్టంలో వెసులుబాటు ఉంది. కొత్త జాతి దొరికితే నమూనాను గుర్తింపు పొందిన రిపాజిటరీలో, అంటే నమూనాలు భద్రపరిచే సంస్థలో, ఉంచాలన్నదీ అందులోదే. గతంలో ఓడలెక్కి పోయినవాటిని తలుచుకుంటే ఆ షరతు నాకు ఎక్కువనిపించదు. పక్క జిల్లా బీరువా తెరవడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు లేదు.

అన్నీ బయట పెట్టమనీ అనను. ఎర్రచందనం, పేరీత లాంటివి ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో సహా ఆన్‌లైన్‌లో పెడితే దొంగకు దారి చూపినట్టే. పరిశోధకుడికి పూర్తి చిరునామా, జనానికి మండలం పేరు చాలు.

లేబుల్ మీద తెలుగు పేరు మాత్రం వదలొద్దు. రాక్స్‌బర్గ్ స్థానికుల్ని అడిగి ఒక చెట్టుకు రాసుకున్న సోమిద అన్న మాటే ఆ చెట్టు ప్రజాతి నామం సోయ్‌మిడాగా నేటికీ నిలిచింది. ఇటీవలి లేబుళ్లు చాలావాటిలో స్థానిక నామం అన్న గడి ఉంటుంది. అందులో చిన్న గీత గీసి వదిలేస్తున్నారు.