కింగ్ పుస్తకాలు లావు చూసి కొనకండి

ఒడిశాలో బరంపురం అయినా, పర్లాకిమిడి అయినా, రాయగడ అయినా, మన తెలుగు సంఘం పుస్తకాల బీరువాకు ఇంగ్లిషు నవలలు కొందామంటే కుర్రకారు ముందు చెప్పే పేరు స్టీఫెన్ కింగ్, భయం పుట్టించే కథల అమెరికన్ రచయిత. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతూ, అచ్చులో తెలుగు కనిపిస్తే కూడబలుక్కునే పిల్లలు వీళ్లు. ఏదో ఒకటి చదువుతామంటున్నారు, కొనండి. 'ఇట్'తో మాత్రం మొదలుపెట్టకండి.

1986 నాటి ఆ నవల వెయ్యి పేజీలు దాటుతుంది. కథ 1958కీ 1985కీ మధ్య అటూ ఇటూ దూకుతుంది. ఏడుగురు పిల్లలు, మళ్లీ వాళ్లే పెద్దవాళ్లుగా. అలవాటు లేనివాళ్లు ఎవరు ఎవరో తేలకముందే వదిలేస్తారు. పదో తరగతి పిల్లల చేతిలో పెట్టకూడని ఘట్టమూ అందులో ఉంది. పైగా అంత లావు పేపర్‌బ్యాక్‌కి వెన్నుకి పూసిన జిగురే ఆధారం. పదిమంది చేతులు మారి, మన సముద్రపు గాలి చెమ్మ కూడా తగిలితే నడుమ విరిగి రెండు ముక్కలుగా తిరిగొస్తుంది.

మొదట కొనాల్సింది 'నైట్ షిఫ్ట్' (1978). ఇరవై కథలు. విశాఖ రైల్లో కూర్చుంటే మూడు నాలుగు అయిపోతాయి, నచ్చనిది దాటేయొచ్చు. సిగరెట్ మానిపించే కంపెనీ కథ ఒక్కటి చాలు, ఆయన పనితనం తెలియడానికి. దెయ్యం ఉండదు. మళ్లీ వెలిగిస్తే శిక్ష పెళ్లానికి పడుతుంది, అంతే. దెయ్యాలంటే నవ్వొచ్చేవాళ్లకి తర్వాత 'మిజరీ' (1987) ఇవ్వండి: కాళ్లు విరిగిన రచయిత, అతన్ని ఇంట్లో బంధించిన వీరాభిమాని. వారపత్రిక సీరియల్స్ మీద పెరిగిన పెద్దవాళ్లకి 'ది గ్రీన్ మైల్' సరిపోతుంది. 1996లో ఆరు చిన్న భాగాలుగా విడుదలైంది, అందుకే ఎక్కడ ఆపాలో దానికి తెలుసు.

'సేలమ్స్ లాట్' నెమ్మదిగా నడుస్తుందని విసుక్కుంటారు. నా మట్టుకు ఆ నెమ్మదే దాని బలం. ఊళ్లో ఎవరి గుట్టు ఎవరికి తెలుసో ముందు పరిచి, తర్వాత రక్తపిశాచిని దింపుతాడు. చిన్న ఊళ్లవాళ్లకి ఇది పట్టినట్టు నగరవాసులకి పట్టదు. 'పెట్ సెమెటరీ' బాగా రాసిన పుస్తకమే, కానీ పసిబిడ్డ చావు చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో పసివాళ్లున్నవాళ్లకి ఆ మాట చెప్పి మరీ ఇవ్వండి.

వరస తప్పితే రుచి పోయేవి కొన్ని. 'ది షైనింగ్' (1977) తర్వాతే 'డాక్టర్ స్లీప్' (2013). 'తులసిదళం' చదవకుండా 'తులసి' పట్టుకునేవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 'మిస్టర్ మెర్సిడెస్'తో మొదలయ్యే మూడు నవలలూ అయ్యాకే 'ది అవుట్‌సైడర్'. అది ముందు చదివితే వాటి ముగింపు ముందే తెలిసిపోతుంది. 'డార్క్ టవర్' ఏడు సంపుటాలు, 2012లో ఇంకొకటి చేరింది. ఒక్కటే చవగ్గా దొరికిందని తేవద్దు, బీరువాలో చోటు దండగ.

సెకండ్ హ్యాండ్‌లో 'ది స్టాండ్' కనిపిస్తే లోపలి పేజీ తిప్పి చూడండి. 1978 ప్రతిలో కథ కోత పడింది. తీసేసిన వందల పేజీలు మళ్లీ చేర్చి 1990లో వేశారు. కొత్త పాఠకుడికి ఆ పాత పొట్టి ప్రతే నయం, దొరికితే.