నాలుగు టిల్డేలు

ఉద్యోగంలో ఉన్న 33 ఏళ్లూ నేను నిష్ఠగా చేసిన పని ఒక్కటే: సంతకం లేని కాగితాన్ని వెనక్కి పంపడం. ఎండలో ఎంత దూరం నుంచి వచ్చినా సరే, "ఇక్కడ సంతకమేదీ?" అని కళ్లజోడు మీదుగా చూసేవాడిని. నన్ను చూడగానే హనుమకొండ చౌరస్తాలో రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఒకరిద్దరున్నారు.

రిటైరయ్యాక వెనక్కి పంపడానికి కాగితాలు లేక, తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచాను. 2003 డిసెంబరు నుంచి నడుస్తున్న వ్యవహారం. నేను లేకుండా ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారో పాపం అనుకుంటూ అడుగుపెట్టాను.

గడపలోనే స్వాగత సందేశం పెట్టారు. ముందుగా అయిదు మూలస్తంభాల గురించి చదవమన్నారు. వేయి స్తంభాల గుడి పక్క వీధిలో పెరిగినవాడిని, అయిదు స్తంభాలు నాకొక లెక్కా? చదవలేదు. కొత్తవాళ్లు రాసి చెరుపుకోవడానికి ప్రయోగశాల అనే పేజీ ఉందన్నారు. ప్రయోగాలు చేసే వయసా ఇది? నేరుగా సర్వపిండి వ్యాసంలోకి దిగాను.

సర్వపిండి విషయంలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి కలిపి, నూనె పూసిన సర్వ లోపల అంచుల దాకా వేళ్లతో పలచగా అద్ది, నడుమ నడుమ బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వదిలి మూత పెట్టాలి. వేడి గిన్నెలో చేయి పెట్టి రెండోది అద్దలేం కనుక, గిన్నె చల్లారేదాకా ఆగాలి. ఆ కాసేపు ఆగలేకే మా అమ్మ రెండు సర్వలు పెట్టుకునేది. ఇదంతా వివరంగా రాసి, చివర ఒక వాక్యం చేర్చాను: "ఈ వంటకంలో మా అమ్మను మించినవారు ఓరుగల్లు మొత్తంలో లేరు."

టీ తాగి వచ్చి చూస్తే ఆ వాక్యం లేదు. మార్పుల చరిత్రలో నా రాతను రద్దు చేసినట్టు ఉంది. కారణం రెండే మాటలు: "మూలం లేదు."

మూలమా! తిన్న నాలుక ఇక్కడే ఉంది కదా! కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయి స్తంభాల గుడి కట్టించి, ముందుచూపుతో శాసనం కూడా చెక్కించి పెట్టాడు. మా అమ్మ సర్వపిండి కాల్చిందే గాని శాసనం వేయించలేదు. అది ఆమె తప్పా?

ఈ అన్యాయాన్ని రచ్చబండలో పెట్టాను. అక్కడ అందరూ చర్చించుకునే పేజీకి ఆ పేరే పెట్టారు. నాలుగు పేరాలు దంచాను. కాసేపటికి నా ఆవేదన కింద ఎవరో ఒక ముక్క తగిలించారు: ఇది సంతకం చేయని వ్యాఖ్య అని.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. 33 ఏళ్లలో నేను తిప్పి పంపినవాళ్లందరూ వరుసగా కళ్లముందు నిలబడ్డారు. ఒకాయన నవ్వుతున్నాడు కూడా.

సంతకమంటే పేరు రాయడం కాదట, చివర నాలుగు టిల్డేలు, అంటే అలలా వంకర తిరిగిన ~ గుర్తులు, కొట్టాలట. అదెక్కడుంటుందో వెతికితే, కీబోర్డు మీద ఒకటి అంకెకు ఎడమ పక్కన, మూలన ఉంది. షిఫ్టు నొక్కి నాలుగుసార్లు కొట్టాను. నాది ఆఫీసులో నేర్చిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డు. తెలుగులో ఉన్నప్పుడు ఆ మీట మీద టిల్డే రాదు, "ఒ" వస్తుంది. చూసుకోకుండా ప్రచురించాను. నా విన్నపం చివర "ఒఒఒఒ" అని వెలిసింది. ఒక సభ్యుడు చాలా మర్యాదగా, "అండీ, మీ ఆరోగ్యం బాగానే ఉంది కదా?" అని అడిగారు.

మర్నాడు తెల్లవారుజామునే లేచి, కీబోర్డును ఇంగ్లిషుకు మార్చి, నాలుగు టిల్డేలు కొట్టాను. అద్భుతం! నా పేరు, తేదీ, సమయం వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. వంటింట్లో ఉన్న మా ఆవిడను పిలిచి చూపించాను.

ఆమె పేరు చూడలేదు, సమయం చూసింది. "00:41. అంటే అర్ధరాత్రి దాటాక! అప్పుడు ఎవరితో ముచ్చట్లు?"

"కాదు, పొద్దున ఆరూ పదకొండుకు రాశాను. అక్కడ గ్రీనిచ్ లెక్కన సమయం పడుతుంది. మనకన్నా అయిదున్నర గంటలు వెనక."

"హనుమకొండలో కూర్చుని రాస్తే ఆ ఊరి సమయం ఎందుకు పడుతుందండీ? నాకు తెలియదనుకుంటున్నారా?"

"పన్నెండున్నరకు నేను నిద్రలో లేనూ? నువ్వే చెప్పు."

"గురక వినిపించిన మాట నిజమే," అని కాసేపు ఆలోచించింది. "కానీ దానికి మూలమేదీ?"

అంటే నేను నిన్న చదివి వినిపించిందంతా గుర్తుపెట్టుకుంది.

ఆ రోజు ఎనిమిదైంది, తొమ్మిదైంది, టిఫిన్ జాడ లేదు. అడిగితే, "ఎనిమిదింటికి పెడతాను" అంటుంది. పదకొండుకూ అదే జవాబు. మధ్యాహ్నం సరిగ్గా ఒకటిన్నరకు పొగలు కక్కే సర్వపిండి పళ్లెంలో పెట్టి తెచ్చి, గోడ గడియారం వైపు చూపించింది.

"ఎనిమిదైంది. తినండి."