తిమ్మిరి అంటే నొప్పి కాదు డాక్టర్ సాబ్

పోయిన వానాకాలంలో మా అమ్మను తెలంగాణ సరిహద్దుకు ఇవతల, మహారాష్ట్రలోనే ఉన్న ఒక సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. వెంట మా అక్క కూతురు కూడా వచ్చింది. ఆమె బారావి సైన్స్ చదువుతోంది. సరిహద్దు మీదున్న మా సిరొంచలో మేం పన్నెండో తరగతిని బారావి అనే అంటాం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఎదుటివాడిది ఏ భాషైతే అది. లోపలున్న డాక్టర్ కుర్రవాడు. సర్కారు కాలేజీలో చదివినందుకు ఏడాది బాండు మీద పుణె వైపు నుంచి వచ్చాడు. ఏం ఇబ్బంది అని మరాఠీలో అడిగాడు. "కాళ్లు తిమ్మిర్లు పడుతున్నయ్ బిడ్డా, చెప్పు జారిపోయినా తెలుస్తలేదు" అంది అమ్మ. పక్కన నిలబడ్డ అటెండర్ "పాయ్ దుఖతాత్" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. కాళ్లు నొప్పులట. డాక్టర్ నొప్పి గోలీలు రాయబోయాడు.

మా పిల్ల ఊరుకోలేదు. "దుఖత్ నాహీ సర్, ముంగ్యా యేతాత్" అంది. తిమ్మిరెక్కితే మరాఠీలో చీమలొస్తున్నాయి అంటారు. డాక్టర్ పెన్ను ఆగింది. షుగర్ ఎన్నేళ్లుగా ఉందని అడిగి, చెప్పులు విప్పించి పాదాల కింద చూశాడు. బొటనవేలి అడుగున చిన్న పుండు. అది ఉన్నట్టు అమ్మకే తెలియదు. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతింటే స్పర్శ పోతుంది. స్పర్శ పోతే ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు ముదిరి వేలు తీసేసేదాకా వస్తుంది. ఆ రోజు అమ్మ కాలిని కాపాడింది స్కానింగూ కాదు, రక్తపరీక్షా కాదు. పదిహేడేళ్ల పిల్లకు రెండు భాషల్లో తెలిసిన ఒక్క మాట.

ఇంటికొచ్చాక, ముందుముందు ఏం చదువుతావే అని అడిగాను. "డాక్టర్ అయిత మామా. రీసెర్చ్ గూడ చేస్త. ఈడ్నే ఉంట" అంది. ఇంట్లోవాళ్లకు మొదటి మాట ఒక్కటే వినపడింది. హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఎంతవుతుంది, ఏ హాస్టల్ మంచిది అన్న లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. మిగిలిన రెండు మాటలూ ముచ్చటగా ఉన్నాయని నవ్వి వదిలేశారు. నాకు మాత్రం అసలు విషయం ఆ రెండింటిలోనే ఉందనిపించింది. వైద్యానికి పనికొచ్చే పనిముట్టు ఒకటి ఈ సరిహద్దు పిల్లల చేతిలో ఇప్పటికే ఉంది. అది భాష. దానికి ఏ పరీక్షలోనూ మార్కుల్లేవు. మార్కుల్లేకపోతే పోనీ, సరిహద్దులో పుట్టినందుకు మన రూల్స్ వాళ్లకే ఎదురు జరిమానా వేస్తున్నాయి.

జరిమానా ఎలాగో చెబుతాను. ప్రాణహిత గోదావరిలో కలిసే మూలన ఉంటుంది సిరొంచ. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. వంతెన దాటితే మంచిర్యాల అందులో సగం దూరం కూడా ఉండదు. మేనమామలు అటే, పెళ్లి సంబంధాలు అటే, జ్వరం ముదిరితే పరుగెత్తేదీ అటే. పదో తరగతి అయ్యాక పిల్లల్ని ఇంటర్‌కు కరీంనగరో మంచిర్యాలో పంపడం మాకు పక్కింటికి పంపినట్టే.

కానీ కాగితాలకు ఈ పక్కిల్లు కనపడదు. మహారాష్ట్రలో 85 శాతం రాష్ట్ర కోటాలో మెడికల్ సీటు కావాలంటే అక్కడి నివాసి అయితే చాలదు, పదీ పన్నెండూ రెండూ ఆ రాష్ట్రంలోనే పాసై ఉండాలి. తెలంగాణలో లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదవాలి. ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. పది సిరొంచలో, ఇంటర్ కరీంనగర్‌లో చదివిన పిల్ల ఈ రెండు లెక్కల్లోనూ తేలదు. దేశమంతా పోటీపడే 15 శాతం కోటా, లేదా డబ్బు పోసి కొనే సీటు, అంతే మిగిలేది. రెంటికీ చెడ్డ రేవడి అన్న మాట ఎవరి కోసం పుట్టిందో గానీ మా పిల్లలకు అచ్చంగా సరిపోతుంది. పదో తరగతి మార్కుల మెమో చేతికొచ్చిన రోజున ఈ సంగతి తండ్రికి చెప్పే నాథుడు ఉండడు. రెండేళ్లు గడిచి, కౌన్సెలింగ్‌లో పేరు తీసేశాక తెలుస్తుంది.

ఆ రూల్స్ అన్యాయం అనడం లేదు. పక్క రాష్ట్రాల వాళ్లు వచ్చి సీట్లు ఎగరేసుకుపోతే భూపాలపల్లి పిల్లకు మిగిలేదేముంది? స్థానికత ఉండాల్సిందే. అయితే సరిహద్దు బతుకు వేరుగా ఉంటుందని మహారాష్ట్రకు తెలియక కాదు. కర్ణాటకతో వివాదం ఉన్న ఊళ్లలోని మరాఠీ పిల్లల కోసం తన మెడికల్ కాలేజీల్లో కొన్ని సీట్లు పక్కన పెడుతూనే ఉంది. బెళగావి వైపు తిరిగితే కనిపించే సరిహద్దు, గోదావరి వైపు తిరిగేసరికి ఎందుకు కనిపించదన్నదే నా ప్రశ్న. బహుశా ఇక్కడ గొడవ లేదు కాబట్టి. గొడవపడని వాళ్లకు కోటా ఉండదు మరి.

నీట్ భాషలది ఇంకో తమాషా. పేపరు 13 భాషల్లో వస్తుంది, బాగానే ఉంది. తెలుగు పేపరు మాత్రం ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే దొరుకుతుంది. మరాఠీ పేపరు మహారాష్ట్రలో, ఒడియా పేపరు ఒడిశాలో. రాయగడలోనో పర్లాకిమిడిలోనో ఉన్న తెలుగు పిల్ల తెలుగులో రాయాలనుకుంటే రాష్ట్రం దాటాలి. మరాఠీలో చదివి కోచింగ్ కోసం వరంగల్ పోయిన మా ఊరి పిల్ల అక్కడ సెంటర్ పెట్టుకుంటే మరాఠీ పేపరు మాట మరచిపోవాలి. పాఠాల మాటకొస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మనం కణం అనేదాన్ని మరాఠీ పుస్తకం పేశీ అంటుంది. మనకు పేషీ అంటే కోర్టు వాయిదా. కిరణజన్య సంయోగక్రియ అక్కడ ప్రకాశ సంశ్లేషణం. వాళ్లకు స్నాయు అంటే కండరం. మన పుస్తకంలో స్నాయుబంధనం అంటే కండరాన్ని ఎముకకు కట్టిపడేసే తాడు. నది దాటి కాలేజీ మారిన పిల్ల మొదటి మూడు నెలలు జీవశాస్త్రం చదవదు, మాటలు మార్చుకుంటుంది. మార్కులు తగ్గితే "మహారాష్ట్ర బ్యాచ్ కదా, బేసిక్స్ వీక్" అంటారు.

ఇంత అవస్థపడి సంపాదించిన రెండు నాలుకలకు వైద్యంలో విలువుందా అంటే, ఇదే గడ్చిరోలి జిల్లా చూసి జవాబు చెప్పొచ్చు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి తిరిగొచ్చి, 1986లో ఈ జిల్లాలో సెర్చ్ అనే సంస్థ పెట్టారు. ఊళ్లలో పసిపిల్లలు ఎందుకు చనిపోతున్నారని లెక్కలు తీశారు. దవాఖాన దూరం, పుట్టిన బిడ్డను గడప దాటించని ఆచారం. అయితే వైద్యమే ఇంటికి పోవాలని, ఊళ్లో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఒంటికి ఇన్ఫెక్షన్ సోకితే ఇంజెక్షన్ వేయడం దాకా. అంకెలు రాని మంత్రసానులు శ్వాసను ఎలా లెక్కిస్తారు? పది ఊపిరులకు ఒక పూస జరిపేలా, పక్కన నిమిషానికి సరిపడా ఇసుక గడియారంతో ఒక చిన్న పరికరం చేసిచ్చారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పూసల చట్రమే. లక్షల ఖరీదు చేసే యంత్రాలు చూసి నోరెళ్లబెట్టే మనం దీన్ని సైన్స్ అనుకోం.

సైన్సే అది. 39 ఊళ్లలో ఈ పద్ధతి పెట్టి, పెట్టని ఊళ్లతో పోల్చి చూశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను చూసే కార్యక్రమానికి మూలం ఇదే. ఆ లాన్సెట్ వ్యాసానికి పదేళ్ల ముందు, 1989లో అచ్చయిన అధ్యయనంలో, రాణీ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ రోగం ఉన్నట్టు తేలింది. అన్నేళ్లూ ఎందుకు బయటపడలేదు? అడిగినవాళ్లు లేరు. అడిగినా తెల్లకోటు మగవాడు పరాయి భాషలో అడిగితే ఏ ఆడకూతురు చెబుతుంది?

మన ఊళ్లలో సేవ అంటే రక్తదాన శిబిరం, రోగులకు అరటిపళ్లు, ఫొటో. పక్క ఊళ్లో ఎంతమంది చచ్చిపోయారో, ఎందుకో నోటుబుక్కులో రాసుకోవడం కూడా సేవే. ఎవరూ దండ వేయని సేవ. "రీసెర్చ్ గూడ చేస్త" అన్నప్పుడు మా పిల్ల మనసులో ఉన్నది ఇలాంటిదేనా అంటే, అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. కానీ ఆమె దగ్గర ఒక నోటుబుక్కు నిజంగానే ఉంది. పేజీకి మూడు గడులు కొట్టింది. తెలుగు, మరాఠీ, మా జిల్లా ఆదివాసీల భాష మాడియా. సోయి తప్పడం, కడుపుల దేవినట్టు కావడం, పానం గాబరా, గుంజుడు, సలుపు, పోటు. మాడియా గడిలో సగం ఖాళీయే. భామ్రాగఢ్ నుంచి వచ్చిన హాస్టల్ స్నేహితురాలిని అడిగి నింపుతోంది.

ఆ ఖాళీ గడి ఎంత ముఖ్యమో సికిల్‌సెల్ దగ్గర అర్థమవుతుంది. విదర్భ గోండు, మాడియా ఊళ్లలో ఇది ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. హిమోగ్లోబిన్ తయారయ్యే జన్యువులో ఒక్క అక్షరం మారితే ఆరో స్థానంలో ఒక అమైనో ఆమ్లం బదులు ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ తగ్గగానే ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్లంతా నొప్పులు. 2047 నాటికి దీన్ని లేకుండా చేయాలని 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. మొదటి పరీక్ష సులువు. చుక్క రక్తం ద్రావణంలో వేస్తే మసకబారుతుందా లేదా చూడటమే. కష్టమంతా ఆ తర్వాత, మసకబారిన గొట్టం ముందు నిలబడ్డ మనిషికి అర్థమయ్యేలా చెప్పడంలో.

తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. కరపత్రంలో "నలుగురిలో ఒకరికి" అని వేస్తారు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి ఇక ముగ్గురికి భయం లేదని వినేవాళ్లు అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, వాక్యానిది. ఎన్ఎస్ఎస్ తరఫున ఒక శిబిరానికి వెళ్లిన మా పిల్ల దీనికి చీటీల లెక్క కట్టింది. డబ్బాలో నాలుగు చీటీలు, ఒకటి ఎర్రది. తీశాక మళ్లీ డబ్బాలోనే వేయాలి. ప్రతి కాన్పుకూ మళ్లీ నాలుగు చీటీలే. ఇది జన్యుశాస్త్రం, వైద్యం, ఊరి సేవ మూడూ కలిసిన పని. దీనికి ఎంబీబీఎస్ అక్కర్లేదు.

ఈ మాట అనగానే నాకే జంకుగా ఉంది. పేదింటి పిల్ల డాక్టరవుతానంటే "నర్సు అయినా చాలు, ల్యాబ్ టెక్నీషియన్ అయినా సేవే" అని సర్దిచెప్పడం కడుపు నిండినవాళ్లకు అలవాటు. నేను చెబుతున్నది అది కాదు. డాక్టర్ సీటు ఆమెకు అందకుండా పోతున్నది తెలివి తక్కువై కాదు, పిన్‌కోడ్ వల్ల. ఆ అడ్డం తీయాలి. దాంతోపాటు నర్సింగ్, ల్యాబ్, క్షేత్ర పరిశోధన ఓడిపోయినవాళ్ల దారులన్న చిన్నచూపు కూడా పోవాలి. రెండూ కావాలి.

ఎదుటివాడి భాష నేర్చుకుని సేవ చేయడం మన వాళ్లకు కొత్త పాఠం కూడా కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, వాళ్లకు బడులు పెట్టి, వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసి తెలుగు గొప్పదనం మాట్లాడి ఇంటికెళ్తాం. ఆయన పక్కవాడి భాష నేర్చుకున్న సంగతి ఆ ఒక్క పూటా గుర్తుకు రాదు.

2024 అక్టోబరులో గడ్చిరోలికీ సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. అంతకు ముందే నదికి అవతల మంచిర్యాల, ఆసిఫాబాద్, భూపాలపల్లిలో వచ్చాయి. ఎంబీబీఎస్ మొదట్లో ఫౌండేషన్ కోర్సు ఉంటుంది, అందులో స్థానిక భాష నేర్పాలి. విద్యార్థులు ఊళ్లో కుటుంబాలను దత్తత తీసుకునే పథకమూ ఉంది. గడ్చిరోలిలో స్థానిక భాష అంటే కాగితం మీద మరాఠీ. ఏటపల్లిలో అది మాడియా, సిరొంచలో తెలుగు. ఆ కోర్సులో పాఠం చెప్పడానికి మా బారావి పిల్లల్ని పిలిచి, రోజుకింత అని భత్యం ఇస్తే కాలేజీకి పోయేదేమీ లేదు. తాలూకా దవాఖానల్లో ఓపీ పక్కన దుబాసీ కుర్చీ ఒకటి వేసి, అందులో ఏడాది కూర్చున్నవాళ్లకు నర్సింగ్, పారామెడికల్ అడ్మిషన్లలో నాలుగు మార్కులు కలపొచ్చు. నది దాటి చదివిన పిల్లలకు సొంత రాష్ట్రంలో కోటా పోకుండా ఒక చిన్న సవరణ చాలు. బెళగావి కోసం రాసిన వాక్యంలో ఊరి పేరు మార్చినంత పని.

మొన్న మా పిల్ల నీట్ ఫారం నింపుతుంటే పక్కన కూర్చున్నాను. సెంటర్ల గడిలో గడ్చిరోలి పెట్టాలా, వరంగల్ పెట్టాలా అని చాలాసేపు ఆలోచించింది. పేపరు ఏ భాషలో అన్న గడి దగ్గర మాత్రం ఆగలేదు. ఇంగ్లీష్ నొక్కేసింది. పదేళ్లు మరాఠీలో చదివి అదేందే అన్నాను.

"ఏడ సెంటర్ వడ్డా అది దొరుకుతది గద మామా" అంది.