గోడలకు కళ్ళు, న్యాయదేవతకు గంతలు

న్యాయవాద సంస్థ కొత్త కార్యాలయానికి లోపలి హంగులు సమకూర్చడమంటే రంగులు, కుర్చీలు, కర్టెన్ల వ్యవహారమేనని అనుకునేవారు ఆ శాస్త్రాన్ని అన్యాయంగా చిన్నచూపు చూస్తున్నారు. ఆసుపత్రి గడప తొక్కినవాడికి ధైర్యం కలిగితే చాలు. లాయరు కార్యాలయం గడప తొక్కినవాడికి మాత్రం వీళ్ళు ఎన్నో కేసులు గెలిచినవాళ్ళన్న నమ్మకం కలగాలి, కానీ ఈ పాలరాతి నేలకు డబ్బు ఎవరిచ్చారన్న ఆలోచన మాత్రం రాకూడదు. ఈ రెంటినీ ఒకే గదిలో సాధించగల ఇంటీరియర్ డిజైనరు మామూలు మనిషి కాడు.

ముందుగా కక్షిదారు కూర్చునే చోటు. ఇక్కడి సోఫా తగినంత లోతుగా ఉండాలి. ఎంత లోతంటే, అందులో కూర్చున్నవాడి మోకాళ్ళు గడ్డం ఎత్తుకు రావాలి, ఒళ్ళోని కాగితాల కట్ట పొట్ట మీదికి జారాలి, లేవాలనుకున్నప్పుడు ఎవరైనా చెయ్యందించాలి. అలా లేచినవాడు ఫీజు గురించి బేరమాడడు. ఎదురుగోడ మీద గడియారం ఉండకూడదు. గంటను పది ముక్కలుగా కోసి, ముక్కకు 6 నిమిషాల చొప్పున లెక్కగట్టి బిల్లు వేసే సంస్థలు చాలా ఉన్నాయి గనుక, కాలాన్ని కొలిచే పరికరం లాయరు వైపు ఉండటమే వృత్తిధర్మం. సోఫా నుంచి సమావేశపు గది దాకా ఉన్న పొడవాటి నడవ ఎన్ని ముక్కల కిందికి వస్తుందో ఆ బిల్లు వేసేవారే చెప్పాలి.

ఇక పుస్తకాలు. తీర్పులన్నీ కంప్యూటరులో రెండు మాటలు కొడితే దొరికే రోజుల్లో కూడా, బంగారు అక్షరాల వీపులున్న లా రిపోర్టులు గోడ నిండా లేకపోతే ఆ గదిలో చట్టం ఉన్నట్టు ఎవరికీ అనిపించదు. ఒక కార్యాలయంలో కాలక్షేపానికి అలాంటి సంపుటం ఒకటి లాగి చూశాను. అంచుల బంగారుపూత వల్ల పుటలు ఒకదానికొకటి అంటుకుని, విప్పుతుంటే కొత్త గోనెసంచి చింపినట్టు చప్పుడు చేశాయి. అది అచ్చయిన నాటి నుంచి దాన్ని తెరిచిన మొదటి మనిషిని నేనే కావచ్చు, పైగా నాకు లా రాదు. అయితే చదవని పుస్తకానికి బరువు తగ్గదు. అమెరికాలో భవనాల లెక్కకు వాడే ప్రమాణం ప్రకారం మామూలు ఆఫీసు నేల చదరపు మీటరుకు సుమారు 245 కిలోల బరువు ఆపితే చాలు, గ్రంథాలయపు అల్మారాల కింది నేల మాత్రం సుమారు 730 కిలోలు ఆపాలి. అంటే ఎవరూ చదవని జ్ఞానాన్ని మోయడానికి, అందరూ పనిచేసే చోటుకన్నా మూడురెట్లు గట్టి స్లాబు కావాలి. ఇంజనీరుకు ఈ సంగతి చెప్పగానే ఆయన వీపులు మాత్రమే ఉన్న ఉత్తుత్తి పుస్తకాలు సూచిస్తాడు. పైన పటారం లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా మంచి కట్టడం దొరకదు కాబట్టి ఆ సూచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

బల్ల మీద చెక్కసుత్తి పెట్టే విషయంలో వాదన అక్కరలేదు. ఇంగ్లండు కోర్టుల్లో జడ్జీలే వాడని ఆ సుత్తి లాయరు బల్ల మీద ఎందుకని అడిగేవాడు కక్షిదారు కాడు, వరసకు బావమరిది అయ్యుంటాడు.

న్యాయదేవత విగ్రహం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 1543 నాటి ఫౌంటెను మీద హాన్స్ గీంగ్ చెక్కిన న్యాయదేవతకు కళ్ళకు గంతలున్నాయి. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు శిఖరం మీది దేవతకు లేవు. 2024లో భారత సుప్రీంకోర్టు జడ్జీల గ్రంథాలయంలో కనిపించిన కొత్త విగ్రహానికి గంతలు తీసేసి, చేతిలో కత్తికి బదులు రాజ్యాంగం పెట్టారు. కొత్త కార్యాలయానికి మాత్రం గంతలున్న దేవతే శ్రేయస్కరమని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ చూసే పనిని గోడలు తీసుకున్నాయి.

గోడలకు చెవులుంటాయని పెద్దలు అన్నది ఇటుక గోడల కాలంలో. ఇప్పుడు గోడలన్నీ అద్దాలే. పారదర్శకతే మా సిద్ధాంతమని చెప్పుకునే సంస్థ, కక్షిదారు రహస్యమే తన వృత్తికి ప్రాణమని కూడా చెప్పుకుంటుంది. ఈ రెండు సిద్ధాంతాలకూ మధ్య ఉన్నది 6 మిల్లీమీటర్ల అద్దం పలక ఒక్కటే. శబ్దాన్ని గోడ ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌టీసీ అనే కొలతలో అలాంటి ఒంటి అద్దం సుమారు 30 దగ్గర ఆగిపోతుంది. లోపల గట్టిగా మాట్లాడినా బయట అర్థం కాకూడదంటే 50 దాకా కావాలి. అద్దం పలక ఫాల్స్ సీలింగు దగ్గర ఆగిపోయి, ఆ పైన స్లాబు దాకా ఖాళీ ఉంటే, మాట అద్దంతో పోట్లాడే శ్రమ కూడా లేకుండా పైనుంచి తాపీగా పక్కగదిలోకి దిగుతుంది. తలుపు కింద వేలెడు సందు సరేసరి.

జూనియర్లను మాత్రం గోడలే లేని హాల్లో కూర్చోబెడతారు, ఒకరితో ఒకరు కలిసి మాట్లాడుకుంటారని. ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గోడలు తీసేసిన రెండు పెద్ద కంపెనీల కార్యాలయాల్లో ముఖాముఖి మాటలు 70 శాతం దాకా తగ్గి, ఈమెయిళ్ళు పెరిగాయి. వేరే వృత్తికి ఇది నష్టమేమో కానీ, నోటిమాటకన్నా రాతకే విలువిచ్చే వృత్తికి ఇంతకు మించిన వరమేముంది?

పుస్తకం చూశానన్న ఆ కార్యాలయంలోనే, నా వంతు కోసం సోఫాలో మునిగి ఉండగా, అద్దం అవతల ఒక ఆసామి ఆస్తి పంపకాల్లో తమ్ముడికి చెప్పకుండా దాచిన స్థలం సంగతి వివరిస్తున్నాడు. పెదవుల కదలిక చూడాల్సిన పని లేకుండానే సర్వే నంబరుతో సహా నాకు తెలిసిపోయింది. సీనియరు లాయరు కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించి, "మీరేం భయపడకండి, ఈ మాట ఈ గది దాటదు" అన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కూడా తల ఊపాడు.