ఒకే మే నెలను నలుగురికి అమ్మే విద్య

బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ప్రభుత్వాన్ని తిట్టడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్, వీసా ఫీజు, రైలు టికెట్... ఏదో ఒకటి సిద్ధంగానే ఉంటుంది. ఈ గోలలో ఒక గొప్ప ఆవిష్కరణ ఎవరి కంటా పడకుండా పోతోందని నా బాధ. కారు చేతులు మారినప్పుడు, బండి రోడ్డెక్కడానికి ముందే కట్టిన పన్నులో మిగిలింది వాపసు ఇచ్చే పద్ధతి గురించి చెబుతున్నాను. కాలాన్ని కొలవడంలో ఇంత కొత్త ఆలోచన ఈమధ్య ఏ విశ్వవిద్యాలయం నుంచీ రాలేదు. వేల్స్‌లోని స్వాన్సీ ఊళ్లో ఉన్న డీవీఎల్ఏ నుంచి, అంటే బండ్ల రిజిస్ట్రేషన్లూ పన్నులూ చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చింది. చేసిన మేలు చెప్పుకోని ఆఫీసు కాబట్టి, ఆ పని నేను నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు అంధకార యుగం గురించి రెండు మాటలు. 1921 నుంచి 2014 దాకా అక్కడ ప్రతి కారు ముందు అద్దానికీ గుండ్రటి కాగితం ఒకటి అంటించి ఉండేది. పన్ను ఏ నెలతో అయిపోతుందో దాని మీదే రాసి ఉండేది. కారు అమ్మితే కాగితం కూడా కారుతోనే పోయేది. 'ఆరు నెలల ట్యాక్స్ ఉంది' అని ప్రకటనలో ఓ ముక్క చేర్చి, రేటు మరో వంద పౌండ్లు పెంచి అడిగేవారు. కొనేవాడు యాభైకి దింపేవాడు. అక్కర్లేదనుకుంటే కాగితం ఊడదీసి స్వాన్సీకి పంపించి, మిగిలిన నెలల డబ్బు తెప్పించుకునేవారు. ఎంత అనాగరికమో చూడండి. ఇద్దరు మామూలు మనుషులు తమ మధ్య తామే లెక్క తేల్చేసుకుంటే, మధ్యలో ప్రభుత్వం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడాల్సి వచ్చేది.

2014 అక్టోబర్ 1న ఈ అన్యాయానికి తెరపడింది. వివరాలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, నంబర్ ప్లేట్లు చదివే కెమెరాలు ఊరూరా ఉన్నాయి, ఇంక కాగితం ఎందుకన్నారు. ఒప్పుకోవాల్సిన మాటే. అదే రోజు, అంతగా చప్పుడు చేయకుండా, పన్ను కారుతోపాటు కొత్త మనిషికి వెళ్లడం కూడా ఆపేశారు. ఇప్పుడు అమ్మినవాడి పన్ను అమ్మినవాడితోనే ముగుస్తుంది, కొన్నవాడు తన పన్ను తాను కొత్తగా కట్టుకుంటాడు. పాత పన్నులో మిగిలినది అమ్మినవాడికి రిఫండ్ వస్తుంది. ఇంతవరకూ వింటే ఎవరికైనా న్యాయంగానే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అసలు కళంతా 'మిగిలినది' ఎలా లెక్కపెడతారన్న దాంట్లో ఉంది.

అమ్మినవాడికి పూర్తిగా మిగిలిన నెలలకే డబ్బు తిరిగొస్తుంది. కొన్నవాడి పన్ను మాత్రం ఆ నెల ఒకటో తేదీ నుంచే మొదలవుతుంది. మే 2న కారు అమ్మారనుకుందాం. అమ్మినాయనకు మే నెల పోయినట్టే, రిఫండ్ జూన్ నుంచి లెక్క. కొన్నాయన మే 2న పన్ను కట్టినా అది మే 1 నుంచి కట్టినట్టు, అంటే కారు తనది కాని రోజుకు కూడా. 2025 ఏప్రిల్‌తో మొదలైన ఏడాదిలో మామూలు కారుకు పన్ను 195 పౌండ్లు, ఆ లెక్కే పట్టుకుందాం. నెలకు 16 పౌండ్ల 25 పెన్నీలు. ఆ మే నెలకు ప్రభుత్వానికి ఇద్దరి దగ్గరా కలిపి 32 పౌండ్ల 50 పెన్నీలు ముడతాయి. కారు మాత్రం ఒక్కటే. అది రోడ్డు మీద రెట్టింపు చోటేమీ ఆక్రమించలేదు.

దీన్ని కొందరు 'ఒకే నెలకు రెండుసార్లు వసూలు' అంటూ ఎగతాళి చేస్తారు. విషయం లోతు తెలియక అనే మాట అది. ప్రభుత్వం వసూలు చేస్తున్నది కారుకు కాదు, మనిషికి. మే నెల అమ్మినాయన జీవితంలోనూ వచ్చింది, కొన్నాయన జీవితంలోనూ వచ్చింది. ఎవరి మే నెల వారిది. ఒకరి మే నెలలో ఇంకొకరు తిరగడం బాగుండదు కదా.

మరి ఇంత టెక్నాలజీ ఉండి రోజుల లెక్కన ఇవ్వొచ్చుగా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కారు అమ్మానని ఆన్‌లైన్‌లో చెబితే అక్కడికక్కడే పన్ను రద్దవుతుంది. ఆ తర్వాత పన్ను లేకుండా రోడ్డెక్కితే కెమెరా పట్టేస్తుంది. అంటే పన్ను ఏ రోజు ఆగిందో ఆ కంప్యూటర్‌కు తెలుసు, ఏ రోజు మొదలైందో తెలుసు. నెలకు ఎన్ని రోజులో కూడా తెలిసే ఉంటుంది. తెలిసి కూడా లెక్కపెట్టకపోవడాన్నే పెద్దమనిషి తరహా అంటారు. ఇంటి మీద కట్టే కౌన్సిల్ ట్యాక్స్ వాళ్లు చూడండి, ఇల్లు ఖాళీ చేసిన రోజు దాకా రోజుల్లెక్కన కట్టించుకుని, మిగిలింది తిరిగి ఇచ్చేస్తుంటారు. పాపం, ఆ స్థానిక సంస్థలకు ఇంకా నాగరికత అబ్బలేదు.

ఇప్పుడు శీర్షికలో చెప్పిన విద్య. మే 5న ఒకాయన కారు కొన్నాడు, పన్ను కట్టాడు. గేరు నచ్చలేదు, 15న మరొకరికి అమ్మాడు. ఆయన కట్టాడు. ఆయన భార్యకు రంగు నచ్చలేదు, 25న ఇంకొకరికి అమ్మాడు. ఆయనా కట్టాడు. మొదట అమ్మినాయన మే నెలకు ముందే కట్టి ఉన్నాడు. మొత్తం నలుగురు, ఒక్క మే నెల, 65 పౌండ్లు. మధ్యలో ఇద్దరూ పదేసి రోజులు కారు ఉంచుకున్నారు, కానీ నెల మొత్తాన్నీ కొనుక్కున్నారు. ఏ వ్యాపారి అయినా ఒకే సరుకును ఒకే నెలలో నలుగురికి అమ్మితే పోలీసులు వస్తారు. (ఇక్కడ నిజమైన కార్ల వ్యాపారులకు ఈ బెడద లేదు. అమ్మకానికి పెట్టిన బండిని ట్రేడ్ ప్లేట్లు, అంటే వ్యాపారులకు ప్రత్యేకంగా ఇచ్చే నంబర్ ప్లేట్లు, తగిలించి తిప్పుకోవచ్చు. ఈ విద్యకు శిష్యులంతా సామాన్యులే.)

బ్రిటన్‌లో ఏటా 70 లక్షలకు పైగా పాత కార్లు చేతులు మారుతుంటాయి. వాటిలో ఎన్ని మనిషి నుంచి నేరుగా మనిషికి వెళ్తాయో నేను లెక్కలోకి దిగను. ఈ పద్ధతి అందమే అది. ఒక్కొక్కరికి పోయేది పదహారు పౌండ్లే. పదహారు పౌండ్ల కోసం కోర్టుకు ఎవరూ వెళ్లరు, ఎంపీకి ఉత్తరం ఎవరూ రాయరు. రాసినా, స్టాంపు ఖర్చు, సగం రోజు సెలవు లెక్కేసుకుంటే ఊరుకోవడమే లాభం.

తేదీ విషయంలో మరో మెలిక. రిఫండ్ మీరు కారు అమ్మిన రోజు నుంచి లెక్క కాదు, ఆ సంగతి డీవీఎల్ఏకి అందిన రోజు నుంచి. మే 30న అమ్మి, లాగ్ బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) ముక్కను పోస్టులో పడేశారనుకోండి. అది జూన్ 2న స్వాన్సీ చేరింది. అంతే, జూన్ కూడా పోయింది. మూడు రోజులకు రెండు నెలలు. అసలు చెప్పడమే మరిచిపోతే ఏమవుతుందని అడగకండి. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా రాసుంది.

కొత్త కార్ల దగ్గరకొస్తే ఇంకా పై తరగతి పాఠం. కొత్త కారుకు మొదటి ఏడాది పన్ను అది వదిలే పొగను బట్టి ఉంటుంది. కిలోమీటరుకు 151 నుంచి 170 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదిలే పెట్రోల్ కారుకు 2025 ఏప్రిల్‌తో మొదలైన ఏడాదిలో అది 1,360 పౌండ్లు. రెండో ఏడాది నుంచి, ధర 40 వేల పౌండ్ల లోపు కారైతే, అందరిలాగే 195. ఒకాయన 1,360 కట్టి, ఉద్యోగం పోయో, కవలలు పుట్టో, రెండు నెలలకే కారు అమ్మేశాడు. పది నెలలు మిగిలాయి కాబట్టి 1,133 పౌండ్లు వస్తాయని వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. వచ్చింది 162 పౌండ్ల 50 పెన్నీలు. ఎందుకంటే మొదటిసారి కట్టిన రేటు, రెండోసారి నుంచి కట్టాల్సిన రేటు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని ప్రకారమే రిఫండ్. అయితే తిరగేసి చూద్దాం, మొదటి రేటు తక్కువగా ఉంటే? ఎలక్ట్రిక్ కారుకు మొదటి ఏడాది పది పౌండ్లే. అప్పుడు ఆ పది మీదే లెక్క. నిష్పక్షపాతం అంటే ఇదీ! ఎటు తిప్పినా ఒకవైపే మొగ్గే తక్కెడను తయారు చేయడం తేలికనుకుంటున్నారా?

ఆ 195 ఒకేసారి కట్టలేక నెలనెలా బ్యాంకు నుంచి కోయించుకునేవాళ్లకు ఐదు శాతం అదనం, అంటే ఏడాదికి 204 పౌండ్ల 75 పెన్నీలు. ఆరు నెలలకు ఒకేసారి కడితే పది శాతం అదనం. కారు అమ్మితే ఈ అదనాలు వెనక్కి రావు. క్రెడిట్ కార్డు ఫీజు ఉంటే అదీ రాదు. చేతిలో డబ్బు లేకపోవడం అనే సేవను మీరు అప్పటికే వాడేసుకున్నారు కాబట్టి.

ఇంత పకడ్బందీగా లెక్క రాసే శాఖ దగ్గర కారు ఎవరిదో మాత్రం రాసి ఉండదు. లాగ్ బుక్ అని పిలిచే వీ5సీ మీద, ఇది యాజమాన్యానికి రుజువు కాదు అని వాళ్లే అచ్చేశారు. అందులో ఉండేది రిజిస్టర్డ్ కీపర్ పేరు, అంటే కారు బాధ్యత చూసుకునే మనిషి. కారు మీదో కాదో మాకు తెలియదు, మాకనవసరం, పన్ను మాత్రం మీరే కట్టాలి అని ఇంత నిర్మొహమాటంగా చెప్పే పత్రం ఇంకోటి నేను చూడలేదు. రిఫండ్ చెక్కు కూడా ఆ పుస్తకంలో ఉన్న పేరు మీదే, అందులో ఉన్న అడ్రసుకే వెళ్తుంది. ఇల్లు మారి లాగ్ బుక్‌లో మార్పించడం మరిచిపోతే, మీ పాత వాటాలో కొత్తగా దిగినవాళ్లు మీ చెక్కును కొన్నాళ్లు ఫ్రిజ్ మీద పెట్టుకుంటారు. ఇంటిపేరు, తాతగారి పేరు, దేవుడి పేరు కలిపి పెట్టుకున్న మనవాళ్ల సంగతి సరేసరి. పుస్తకంలో ఏ ముక్క ముందుందో చెక్కు మీదా అదే ఉంటుంది, బ్యాంకులో ఉన్నది వేరు.

ఈ సంస్కరణను ప్రజలు ఎలా అందుకున్నారో చెప్పకపోతే న్యాయం కాదు. పన్ను ఎగ్గొట్టి తిరిగే బండ్లెన్నో రవాణా శాఖే రోడ్డు పక్కన సర్వే చేసి చెబుతుంది. కాగితం ఉన్న రోజుల్లో, 2013లో, అది 0.6 శాతం. కాగితం పోయాక 2015లో 1.4 శాతం. 2017లో 1.8 శాతం. నాలుగేళ్లలో మూడింతలు. ఇందులో దొంగలు ఎందరో, పన్ను కారుతోనే వస్తుందని పాత అలవాటు కొద్దీ నమ్మిన అమాయకులు ఎందరో విడదీసి చెప్పలేం. అమాయకులకైతే సంగతి 80 పౌండ్ల జరిమానా ఉత్తరంతో తెలుస్తుంది. వ్యవస్థ ఇంత చక్కగా ఉన్నప్పుడు లోపం ప్రజల్లోనే ఉండాలి.

ఇంత చెప్పాక కూడా, డబ్బు పోకుండా కారు అమ్మడం కుదరదా అని అడిగే పిసినారులు ఉంటారు. కుదురుతుంది. అమ్మేవాడికి నెలాఖరు లాభం, కొనేవాడికి ఒకటో తేదీ లాభం. కాబట్టి ఇద్దరూ మే 31 రాత్రి కలుసుకోవాలి. పదకొండు యాభై తొమ్మిదికి అమ్మినాయన తన ఫోన్‌లో 'అమ్మేశాను' అని నొక్కాలి. సైట్ అప్పటికి మేలుకునే ఉందనుకుందాం. ఆయనకు జూన్ నుంచి రిఫండ్ ఖాయం. కొన్నాయన పన్నెండు దాటాక, లాగ్ బుక్‌లోంచి కొన్నవాడికి చింపి ఇచ్చే ఆకుపచ్చ ముక్క మీదున్న పన్నెండు అంకెల నంబరు కొట్టి పన్ను కట్టాలి. మే ఒకరికి, జూన్ ఒకరికి, పైసా తేడా రాదు. చిక్కల్లా మధ్యలో ఉన్న ఆ ఒక్క నిమిషంతోనే. అప్పుడు కారుకు పన్ను లేదు, రోడ్డు మీద ఉండకూడదు. కాబట్టి ముందే ఎవరి సొంత స్థలంలోనైనా నిలిపి ఉంచాలి. స్థలం సొంతమైతే చాలదు, పన్ను లేని కారు కాసేపైనా సరే రోడ్డెక్కడం లేదని సోర్న్ ప్రకటన ఇచ్చి తీరాలి. అమ్మినాయన ఎప్పుడో ఇచ్చి ఉన్నా పనికిరాదు, అదీ పన్నులాగే కొత్త మనిషికి బదిలీ కాదు. అంచేత కొన్నాయన ఆ అరవై సెకన్లలో సోర్న్ ఇచ్చి, పన్నెండు కొట్టగానే పన్ను కట్టి దాన్ని రద్దు చేసుకోవాలి. ప్రస్తుతానికి సోర్న్‌కు ఫీజు లేదు.