పలచటి జుట్టుకు కారు నలుపు వేయమనే ఆ మెసేజ్ నమ్మకండి

ఈ మధ్య తిరుపతిలో ఏ లేడీస్ వాట్సాప్ గ్రూపు చూసినా ఒకే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "జుట్టు పలచగా ఉందా? కారు నలుపు రంగు వేయండి, ఎంత నల్లగా వేస్తే అంత ఒత్తుగా కనిపిస్తుంది. రంగు పడితే వెంట్రుక లావవుతుంది, రాలడం ఆగిపోతుంది. అమోనియా లేనిదో నల్ల హెన్నానో వాడితే ఏ హానీ ఉండదు. కొండమీద గుండు చేయించుకుని కొత్తగా వచ్చిన జుట్టుకు వేస్తే రెట్టింపు ఫలితం." బైరాగిపట్టెడలో మా పార్లర్‌కు వచ్చే అమ్మాయిలు ఫోన్ చూపించి "అక్కా, ఇట్లనే చేసేయండి" అంటున్నారు. ఇందులో పిసరంత నిజం ఉంది కాబట్టే జనం నమ్మేస్తున్నారు.

ముందు ఆ కారు నలుపు సంగతి తేల్చుకుందాం, ఎక్కువ మందిని ముంచుతున్నది అదే. జుట్టు పలచన అని మన కంటికి ఎలా తెలుస్తుంది? ఎవరూ వెంట్రుకలు లెక్కపెట్టరు కదా. పాపిడి దగ్గర, నడినెత్తిన చర్మం ఎంత కనిపిస్తే అంత పలచన అనుకుంటాం. ఎండ పెద్దగా తగలదు కాబట్టి మనలో చాలామందికి ఆ చర్మం ముఖం కంటే తెల్లగానే ఉంటుంది, దాని పక్కన కారు నలుపు పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొన్న యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఆ మెసేజ్ చూసి ప్యాకెట్ తెచ్చుకుని రూములోనే వేసేసుకుంది. ట్యూబ్‌లైట్ కింద తల వంచమంటే నుదుటి నుంచి నడినెత్తి దాకా పాపిడి తెల్లగా మెరుస్తోంది, దాని రెండు పక్కలా వెంట్రుకలు దేనికది విడివిడిగా తెలిసిపోతున్నాయి. జుట్టు అంతకు ముందు ఎంతుందో అంతే ఉంది, పలచన మాత్రం బాగా బయటపడింది. తెల్ల వెంట్రుకలు ఉన్నవాళ్లకు ఇంకో తిప్పలు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మూడు వారాలు తిరిగేసరికి కుదుళ్ల దగ్గర తెలుపు వచ్చేస్తుంది, ఆ తెలుపూ చర్మమూ కలిసిపోయి పాపిడి ఇంకా వెడల్పయినట్టు ఉంటుంది.

పలచటి జుట్టుకు నప్పేది ముదురు బ్రౌన్. సహజమైన రంగు కంటే ఒకటి రెండు షేడ్లు లేతగా, అది కూడా తలంతా ఒకే రంగు పులిమేయకుండా అక్కడక్కడ సన్నటి పాయలు ఇంకాస్త లేతగా ఉంటే, వెలుగూ నీడా కలిసి జుట్టుకు లోతున్నట్టు అనిపిస్తుంది. ముందు నలుపు వేసి చూద్దాం, నచ్చకపోతే బ్రౌన్‌కు మారదాం అంటారా, అది కుదరదు. వేసిన రంగు మీద ఇంకో రంగు వేసినంత మాత్రాన కింది నలుపు లేతబడదు. చాలాసార్లు బ్లీచ్ దాకా పోవాల్సి వస్తుంది, సన్న వెంట్రుక తట్టుకోలేనిది సరిగ్గా ఆ బ్లీచ్‌నే.

ఇక "వెంట్రుక లావవుతుంది" అన్న మాట. పిసరంత నిజం అన్నాను కదా, అది ఇక్కడుంది. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి అమరి ఉంటుంది. పర్మనెంట్ రంగులో ఉండే అమోనియా ఆ పొలుసుల్ని లేపుతుంది, పెరాక్సైడ్ లోపలికి వెళ్లి అసలు రంగును తగ్గించి కొత్త రంగును పట్టిస్తుంది. లేచిన పొలుసులు మళ్లీ మునుపటంత నున్నగా అణగవు, అందుకే వెంట్రుకలు జారిపోకుండా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, చేతికి జుట్టు ఎక్కువైనట్టు తగులుతుంది. అది దెబ్బతిన్నందువల్ల వచ్చిన గరుకు. పదే పదే పొడవంతా రంగు వేస్తే కొసలు చిట్లుతాయి, మధ్యలో తెగుతాయి, జడ కింద ఎలుక తోకలా తయారవుతుంది.

అమోనియా లేనిది అంటే హాని లేనిది అని కాదు. చాలా వాటిలో దాని బదులు మోనోఇథనోలమైన్ వేస్తారు. ఘాటు తక్కువ, కళ్లు మండవు, కానీ చేసే పని అదే, పక్కన పెరాక్సైడ్ ఎలాగూ ఉంటుంది.

నల్ల హెన్నా గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చేతికి పెడితే ఎర్రగా పండే ఆకు నెత్తికి పెట్టేసరికి నల్లగా ఎలా పండుతుందండీ? గోరింటాకులో ఉండే లాసోన్ ఇచ్చేది నారింజ, ఎరుపు రంగులే. అరగంటలో నల్లబడే పొడి ప్యాకెట్ వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పేర్లు ఓపిగ్గా చదవండి, చాలా వాటిలో పీపీడీ అనో పారా ఫినైలిన్ డయమిన్ అనో ఉంటుంది, రెండూ ఒకే రసాయన రంగు పేర్లు. అది పడనివాళ్లకు నెత్తి దురద పుట్టి, చెవుల వెనక రసి కారి, కనురెప్పలు తెరవలేనంతగా ముఖం వాచిపోతుంది. ఇన్నాళ్లూ పడింది కదా అని ధీమా పనికిరాదు, ఏళ్ల తరబడి వాడినవాళ్లకూ ఒక్కసారిగా మొదలవ్వొచ్చు. చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూడకుండా తలకు పూయొద్దు. నిజానికి వెంట్రుక మీద పూతలా పట్టి కాస్త నిండుగా అనిపించేది అసలు గోరింటాకే, ఆ ఎరుపు మీకు ఇష్టమైతే, జుట్టు కొంచెం పొడిబారినా పరవాలేదనుకుంటే అదే మేలు.

గుండు విషయానికొస్తే, మొక్కు వేరు, ఇది వేరు. స్వామికి తలనీలాలు ఇవ్వండి, సంతోషం. కానీ కుదుళ్లు పుట్టక ముందే ఏర్పడి ఉంటాయి, గుండుతో కొత్తవి రావు. వెంట్రుక కొస సహజంగా సన్నబడి ఉంటుంది, కత్తి పడితే మొద్దుబారి గరుగ్గా తగులుతుంది, అంతే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది "రాలడం ఆగుతుంది" అన్న మాట. రంగు తగిలేది బయట ఉన్న వెంట్రుకకు, రాలడం మొదలయ్యేది లోపల కుదురులో. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకో, కాన్పు తర్వాతో కుచ్చులు కుచ్చులుగా ఊడి, చాలామందికి మెల్లగా మళ్లీ వస్తుంది. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా ఊడుతుంది. పాపిడి ఏటికేడు వెడల్పవుతుంటే అది వేరే రకం, దానికి మినాక్సిడిల్ లాంటి మందులున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మిగులుతుంది. నెలనెలా రంగు వేస్తూ కూర్చుంటే ఆ సమయమంతా పోతుంది. కాబట్టి ముందు రుయా ఆసుపత్రిలో చర్మం డాక్టరుకో, మీకు దగ్గరలో ఉన్న స్కిన్ డాక్టరుకో చూపించండి, కడుపుతో ఉన్నా పాలిస్తున్నా ఆ మాట తప్పకుండా చెప్పండి. రంగు ఆ తర్వాత వేసుకోవచ్చు: రంగులో కలిపే పెరాక్సైడ్ (డెవలపర్) ఘాటు 20 వాల్యూమ్ దాటకుండా, పొడవంతా కాకుండా పెరిగిన కుదుళ్ల వరకే టచప్. అంతలో పెళ్లో పేరంటమో వచ్చి జడ నిండుగా కనిపించాలంటే, తేలికపాటి సవరం ఆ ఒక్క పూటకు పెట్టుకోండి.