ఆర్గానిక్ కెమిస్ట్రీకి బట్టీ ఎందుకండీ?

ఇంటర్ పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా ఒకటే పాట: "ఆర్గానిక్ ఎక్కట్లేదు." దానికి అమ్మానాన్నలు చేసేదీ ఒకటే. ఇంకో ట్యూషన్, ఇంకో మెటీరియల్. ఎక్కని పాఠాన్ని అదే తీరులో మళ్ళీ చెప్పించడానికి మళ్ళీ ఫీజు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సాయంత్రాలు మా వీధి పిల్లలకి కెమిస్ట్రీ చెప్తుంటాను. వచ్చేవాళ్ళందరూ నేమ్‌డ్ రియాక్షన్ల (సొంత పేర్లున్న రసాయన చర్యల) లిస్టు గోడకి అంటించుకున్నవాళ్ళే. ఆల్డాల్ అడిగితే గడగడా అప్పజెప్తారు, కానిజారో అడిగితే అదీ అంతే. "బెంజాల్డిహైడ్‌కి గాఢ సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే ఏమవుతుందిరా?" అంటే మాత్రం ఫ్యాను వంక చూస్తారు. అక్కడ వేసుకోవాల్సింది ఒక్కటే ప్రశ్న: ఆల్డిహైడ్ గ్రూపు పక్క కార్బన్ మీద హైడ్రోజన్ ఉందా, లేదా? ఎసిటాల్డిహైడ్‌కి ఉంది. క్షారం దాన్ని లాగేస్తుంది, ఎలక్ట్రాన్లు మిగిలిన ఆ కార్బన్ పోయి ఇంకో అణువుని పట్టుకుంటుంది. అది ఆల్డాల్. బెంజాల్డిహైడ్‌కి లాగడానికి అక్కడ హైడ్రోజనే లేదు. అందుకే ఒక అణువు ఆక్సీకరణం చెంది ఆమ్ల లవణం అవుతుంది, ఇంకోటి క్షయకరణం చెంది ఆల్కహాల్ అవుతుంది. అది కానిజారో. ఎలక్ట్రాన్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో బాణం గీయడం వస్తే ఆ గోడ మీది లిస్టు చాలావరకు చింపేయొచ్చు. "బాణాలకి మార్కులుండవు కదా మేడమ్" అంటారు. ఉండవు నాయనా, జవాబుకి ఉంటాయి.

రెండో తలనొప్పి ఆకారాలు. పుస్తకంలో మీథేన్‌ని కూడిక గుర్తులా గీస్తారు, పిల్లాడు దాన్ని బల్లపరుపుగానే ఊహించుకుంటాడు. బంధాల మధ్య కోణం రాసేది 109.5 డిగ్రీలు, కళ్ళకి కనిపించేది 90. దీనికి నా దగ్గరున్న మందు చపాతీ పిండి, టూత్‌పిక్కులు. మధ్యలో పిండి ఉండ, నాలుగు పుల్లల చివర నానబెట్టిన శనగ, బఠాణీ, పల్లీ, ఎండుద్రాక్ష. అద్దంలో దీని బొమ్మ ఎలా కనిపిస్తుందో అలాంటిదే రెండోది చేయమంటాను. ఇప్పుడు రెండూ అచ్చం ఒకేలా వచ్చేట్టు తిప్పి చూపించమంటే, ఎంత తిప్పినా శనగా బఠాణీ కుదిరేసరికి పల్లీ, ద్రాక్ష తారుమారు. కైరాలిటీ అంటే ఇంతే. తర్వాత పుదీనా ఆకు ఒకటి, సోయికూర గింజలు కాసిని నలిపి వాసన చూపిస్తాను. స్పియర్‌మింట్ రకం పుదీనాకి ఆ వాసన తెచ్చే కార్వోన్ అనే పదార్థం ఒక రూపమైతే, సోయి గింజల్లో ఉండేది దాని అద్దపు బొమ్మ. ముక్కుకి తేడా తెలిసిపోతుంది!

"ఇవన్నీ పిల్లలాటలు" అని నవ్విన లెక్చరర్లూ ఉన్నారు. కార్బన్ బంధాలు చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) మూలల వైపు ఉంటాయని 1874లో చెప్పినప్పుడు డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కి 22 ఏళ్ళు. ఆయనా అట్టముక్కలు మడిచి బొమ్మలు చేసుకున్నవాడే. పశువైద్య కళాశాలలో పనిచేసే కుర్రాడికి ఇవెందుకన్నట్టు 1877లో ఎకసెక్కంగా రాసినాయన జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ కోల్బే. అవును, ఫినాల్ నుంచి శాలిసిలిక్ ఆమ్లం అంటూ మన పిల్లలు వల్లెవేసే కోల్బే చర్య ఆయన పేరు మీదిదే. 1901లో కెమిస్ట్రీకి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ వాంట్ హాఫ్‌కి వచ్చింది (వేరే పనికి లెండి, అయినా చెప్పుకోవడానికి బావుంటుంది).

ఫినాల్ అంటే గుర్తొచ్చింది. హారతి ఎర్రనీళ్ళు ఎప్పుడైనా కలిపారా? పసుపు నీళ్ళల్లో సున్నం పడగానే ఎరుపెక్కుతాయి. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్‌లోని ఫినాల్ గ్రూపు క్షారానికి ప్రోటాన్ ఇచ్చేస్తుంది, దాంతో ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారి, పీల్చుకునే కాంతి కూడా మారుతుంది. కాస్త నిమ్మరసం పిండండి, మళ్ళీ పసుపు. ఫినాల్ ఆమ్ల స్వభావం కళ్ళముందే ఉంటే, గైడులో ఆరు లైన్లు బట్టీ పట్టడమేంటి?

పాఠాల వీడియోల మాటా చెప్పాలి. చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే ఏమీ ఉండదు. చూడాలనుకుంటే, సార్ ప్రొడక్ట్ రాయబోయే ముందు ఆపి మీరు రాసుకోండి. ఫోన్ ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి, కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు ఉచితమే, అందులో మాలిక్యూల్ షేప్స్ తెరిచి అణువుల్ని అటూ ఇటూ తిప్పి చూడమనండి.

బట్టీ అస్సలు అక్కర్లేదని నేననను. రియాజెంట్ల (చర్య జరిపించే రసాయనాల) పేర్లు, అణువులకి పేర్లు పెట్టే రూల్సు నోటికి రావాల్సిందే, దానికి అడ్డదారి లేదు. హాస్టల్ పిల్లలకి పిండీ శనగలూ ఎక్కడివి అంటారా? ఔటింగ్‌కి ఇంటికొచ్చిన రోజు బిర్యానీ తినిపించాక ఒక గంట కూర్చోబెట్టండి. పల్లీలు ముందురోజే నానబెట్టుకోవాలి, లేకపోతే పుల్ల గుచ్చగానే రెండుగా చీలిపోతాయి.